సర్వర్‌కు ఉండుండి దారి తెగుతుంటే ఎక్కడ వెతకాలి

అనంతపురంలో నేను చూసుకునే ఒక కార్యాలయపు సర్వర్‌కు కడప బ్రాంచి వాళ్లు పొద్దున తొమ్మిదిలోపు చక్కగా కనెక్ట్ అయ్యేవారు, పది దాటాక కాలేకపోయేవారు, సాయంత్రం ఏడు తర్వాత మళ్లీ కాగలిగేవారు. కర్నూలు బ్రాంచికి పగలంతా ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ ఉన్న భవనంలోనే కూర్చొని పనిచేసేవారికైతే సమస్య ఉన్నట్టే తెలియదు. మూడు వారాల పాటు అందరూ ఎండను, కరెంటును, నెట్ లైన్‌ను అనుమానించారు. రోజుకు రెండుసార్లు అన్నింటినీ ఆపి మళ్లీ ఆన్ చేశారు. చేసిన ప్రతిసారీ ఐదారు నిమిషాలు బాగుండి మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి తేలిందేమిటంటే, సర్వర్ రూటింగ్ పట్టికలో (ఏ గమ్యానికి ఏ దారిలో పంపాలో చెప్పే పట్టికలో) పొద్దున చేరి సాయంత్రం తొలగిపోయే ఒకే ఒక్క వరుస దీనంతటికీ మూలం.

ఆ మూడు వారాలూ వృథా అయింది వెతికే పద్ధతి లేక. ఉండుండి వచ్చే లోపం చూడ్డానికి అస్తవ్యస్తంగా కనిపించినా, అది ఒక వేళకో, ఒక చిరునామాకో, ఒక దిశకో, ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా తునక) పరిమాణానికో కట్టుబడి ఉంటుంది. ఆ కట్టుబాటు ఏమిటో తెలిసేదాకా ఏ సెట్టింగునూ ముట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. లినక్స్ సర్వర్‌ను దృష్టిలో పెట్టుకొని ఆ వెతికే క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆదేశాలను మనం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునే తీరులోనే ఇచ్చాను; టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో వేసుకోవాలి, మైనస్ అన్నచోట అడ్డగీత పెట్టాలి, పెద్దక్షరం అని చెప్పినచోట మాత్రమే పెద్దక్షరం వాడాలి.

రీస్టార్ట్ చేయకముందు

సమస్య ఉన్న క్షణంలో సర్వర్‌ను గానీ రౌటర్‌ను గానీ రీస్టార్ట్ చేస్తే, వెతకాల్సిన ఆధారాలన్నీ చెరిగిపోతాయి. పొరుగు యంత్రాల హార్డ్‌వేర్ చిరునామాల పట్టిక ఖాళీ అవుతుంది, ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకున్న కనెక్షన్లు పోతాయి, చిరునామాలను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ ద్వారా వచ్చి చేరిన రూట్లు (దారులు) మాయమవుతాయి. అందువల్ల పని ఆగిపోయిందని బ్రాంచి నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా, రెండు నిమిషాలు అడిగి తీసుకొని ఈ ఐదింటినీ ఒక ఫైల్లో భద్రపరచండి: ‘ఐపీ అడ్రస్ షో’, ‘ఐపీ రూట్ షో టేబుల్ ఆల్’, ‘ఐపీ రూల్ షో’, ‘ఐపీ నైబర్ షో’, ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ కె’. ఫైలు పేరులో తేదీ, సమయం ఉండాలి. అంతా బాగున్నప్పుడు ఇవే ఐదింటిని మరొకసారి తీసి, రెండు ఫైళ్లనూ ‘డిఫ్’ ఆదేశంతో పక్కపక్కన పెట్టి చూడండి. నాకు ఎదురైన వాటిలో చాలా లోపాలు ఈ పోలికలోనే దొరికిపోయాయి. పట్టికను ఒక్కసారి చూస్తే ఏ వరుస తప్పో చెప్పడం కష్టం, రెండుసార్లు చూస్తే ఏ వరుస మారిందో చెప్పడం సులభం.

మనం నిద్రపోతున్నప్పుడో, ఊళ్లో లేనప్పుడో మార్పు జరుగుతుంటే ‘ఐపీ మైనస్ టైమ్‌స్టాంప్ మానిటర్ రూట్’ అనే ఆదేశాన్ని నడుస్తూ ఉండనిచ్చి, దాని ఫలితాన్ని ఫైల్లోకి మళ్లించండి. రూటింగ్ పట్టికలో ఏ వరుస చేరినా, తొలగినా అది సమయంతో సహా నమోదవుతుంది. దానితో పాటు ‘పింగ్ మైనస్ పెద్దక్షరం డీ’ని మూడు చోట్లకు నడపాలి: మన గేట్‌వేకు (బయటికి దారి చూపే రౌటర్‌కు) ఒకటి, నెట్ కంపెనీ వైపు మొదటి రౌటర్‌కు ఒకటి, అవతలి బ్రాంచికి ఒకటి. మూడూ ఒకేసారి ఆగాయా, మూడోది మాత్రమే ఆగిందా అన్నదాన్నిబట్టి వెతకాల్సిన ప్రాంతం వెంటనే తగ్గిపోతుంది. సర్వర్ గడియారం సరిగా లేకపోతే ఈ నమోదులు దేనికీ పనికిరావు కాబట్టి, ‘క్రోనీ’ లాంటి సమయ సేవ నడుస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

ఫోన్ చేసినవారిని అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇదే దశలో అడగాలి. “నెట్ రావట్లేదు” అన్న మాట దగ్గర ఆగిపోకుండా, ఎవరికి రావట్లేదు, పక్క సీటులో ఉన్నవారికి వస్తోందా, ఏ గంటకు మొదలైంది, లాగిన్ అవుతోంది గానీ రిపోర్టు తెరుచుకోవట్లేదా, లేక లాగినే కావట్లేదా అని విడమరచి రాసుకోవాలి. కడప వాళ్లు మొదటివారంలోనే “సార్, పొద్దున పూట బాగానే ఉంటుంది” అని చెప్పారు. ఆ మాటను అప్పుడే కాగితం మీద పెట్టి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

ముందు తీగను, కరెంటును, పేరును పక్కన పెట్టండి

రూటింగ్ జోలికి వెళ్లకముందు కింది పొర గట్టిగా ఉందని నిర్ధారించుకోవాలి. ‘ఐపీ మైనస్ ఎస్ లింక్’ ఫలితంలో ఎర్రర్ల లెక్క పెరుగుతోందా, ‘ఈత్‌టూల్’ చూపించే వేగం, డూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశల్లో డేటా పంపగలదా అన్నది) రెండు కొసల్లోనూ ఒకేలా ఉన్నాయా చూడండి. ‘సిస్’ డైరెక్టరీలో ప్రతి నెట్‌వర్క్ కార్డు కింద ‘క్యారియర్ అండర్‌స్కోర్ చేంజెస్’ అని ఒక ఫైలు ఉంటుంది. ఆ కార్డుకు లింక్ పోవడం, రావడం రెండూ కలిపి ఎన్నిసార్లు జరిగాయో అందులో అంకె రూపంలో కనిపిస్తుంది. వారం రోజులుగా ఆగకుండా నడుస్తున్న సర్వర్‌లో ఆ అంకె వందల్లో ఉంటే, కేబుల్, కనెక్టర్, స్విచ్ పోర్టులను చూడటం మొదట చేయాల్సిన పని.

మన జిల్లాల్లో దీనికి తోడుగా మరొక సంగతి ఉంటుంది. సర్వర్‌ను యూపీఎస్ మీద పెట్టి, దానికి దారి చూపే స్విచ్‌నో, ఫైబర్ డబ్బానో నేరుగా గోడ ప్లగ్‌కు తగిలించడం చాలా కార్యాలయాల్లో చూశాను. ఎండాకాలంలో కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చినా సర్వర్‌కు ఏమీ కాదు, కానీ స్విచ్ ఆగి మళ్లీ లేస్తుంది, సర్వర్ కార్డుకు లింక్ పోయి వస్తుంది, ఆ కార్డు మీది రూట్లు తొలగి మళ్లీ చేరుతాయి. చేరేటప్పుడు ముందున్న వరుసలోనే చేరాలన్న నియమమేమీ లేదు. దారిలో ఉన్న ప్రతి పెట్టె ఒకే యూపీఎస్ మీద ఉండాలి.

పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ లోపం కూడా రూటింగ్ లోపంలాగే కనిపిస్తుంది. రెండు డీఎన్ఎస్ సర్వర్లలో మొదటిది చచ్చిపోయి ఉంటే, లినక్స్ సాధారణంగా 5 సెకన్లు ఆగి రెండోదాన్ని అడుగుతుంది, దాంతో కొన్ని పేజీలు నెమ్మదిగా, కొన్ని వేగంగా తెరుచుకుంటాయి. అందువల్ల పరీక్షలన్నీ పేరుతో కాకుండా అంకెల చిరునామాతోనే చేయండి.

పట్టికను చదవకండి, కెర్నల్‌నే అడగండి

లినక్స్ ఒక ప్యాకెట్‌కు దారిని ఎంచుకునే క్రమం స్పష్టంగా ఉంటుంది. మొదట ‘ఐపీ రూల్’ నియమాలను సంఖ్యా క్రమంలో చూస్తుంది: 0వ నియమం లోకల్ పట్టికకు, 32766వ నియమం మెయిన్ పట్టికకు, 32767వ నియమం డిఫాల్ట్ పట్టికకు పంపుతాయి, మనం పెట్టుకునేవి వీటి మధ్యలో వస్తాయి. ఒక పట్టికలోకి వెళ్లాక గమ్యానికి అన్నింటికంటే దగ్గరగా సరిపోయే వరుసను, అంటే పొడవైన ప్రిఫిక్స్ (చిరునామాలో మొదటి నుంచి సరిపోవాల్సిన భాగం) ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. అలాంటివి రెండు ఉంటే మెట్రిక్ (దారికి ఇచ్చే ప్రాధాన్య సంఖ్య) తక్కువగా ఉన్నది గెలుస్తుంది. మెట్రిక్ అసలు రాయకపోతే అది 0 కిందే లెక్క, అంటే అన్నింటికంటే బలమైనది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మా సర్వర్ కథ అక్కడే ఉంది.

ఈ లెక్కను మనం కళ్లతో వేయడం కంటే కెర్నల్‌ను, అంటే లినక్స్ గుండెకాయనే, అడగడం మేలు. ‘ఐపీ రూట్ గెట్ 203.0.113.25’ (గమ్యం అంకెలు ఉదాహరణకే) అంటే ఆ గమ్యానికి ఈ క్షణంలో ఏ కార్డు నుంచి, ఏ గేట్‌వే ద్వారా, ఏ సొంత చిరునామాతో వెళ్తుందో చెబుతుంది. సర్వర్ విషయంలో ఇంకా ముఖ్యమైన ప్రశ్న ‘ఐపీ రూట్ గెట్ 203.0.113.25 ఫ్రమ్ 192.168.10.5’ (రెండోది మా సర్వర్ చిరునామా) అన్నది, ఎందుకంటే సర్వర్ చేసే పని ఎక్కువగా జవాబివ్వడమే, ఆ జవాబు ఏ చిరునామా నుంచి బయల్దేరుతుందో అది ముందే నిర్ణయమై ఉంటుంది. సమస్య ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఈ రెండు ప్రశ్నలు వేసి, జవాబులను పోల్చి చూడండి.

వచ్చిన దారి వేరు, పోయే దారి వేరు

మా కార్యాలయ సర్వర్‌కు రెండు కార్డులు, రెండు లైన్లు. మొదటి కార్డు ఈనో1 చిరునామా 192.168.10.5, దాని రౌటర్ 192.168.10.1, అది ఫైబర్ లైన్. చిరునామా, డిఫాల్ట్ రూట్ (వేరే వరుస ఏదీ సరిపోనప్పుడు వాడే దారి) మేమే చేత్తో రాసి, మెట్రిక్ 100 ఇచ్చాం. రెండో కార్డు ఈనో2 చిరునామా 192.168.20.5, దాని రౌటర్ 192.168.20.1, అది సిమ్ వేసిన చిన్న రౌటర్. అక్కడ అంతా డీహెచ్‌సీపీ ద్వారా వస్తుంది. కడప బ్రాంచి మొదటి లైన్ చిరునామాకు, కర్నూలు బ్రాంచి రెండో లైన్ చిరునామాకు కనెక్ట్ అయ్యేలా ఎవరో ఎప్పుడో అమర్చారు. సిమ్ రౌటర్ ముందు గదిలో గోడ ప్లగ్‌కు ఉంది. పొద్దున గది ఊడ్చి, సిబ్బంది వచ్చాక దాన్ని ఆన్ చేసేవారు, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేసేవారు.

అది ఆన్ అయిన కాసేపటికి సర్వర్‌కు డీహెచ్‌సీపీ ద్వారా మరొక డిఫాల్ట్ రూట్ వచ్చి చేరేది, దానికి మెట్రిక్ లేదు కాబట్టి 0. ఆ క్షణం నుంచి కడప అభ్యర్థన ఫైబర్ లైన్ మీదుగా ఈనో1కు వచ్చేది, సర్వర్ జవాబు మాత్రం ఈనో2 నుంచి సిమ్ రౌటర్‌కు పోయేది. ఆ రౌటర్‌కు ఈ కనెక్షన్ మొదలు ఎక్కడో తెలియదు కాబట్టి జవాబును పారేసేది. ఒకవేళ పంపినా, అది కడపకు వేరే చిరునామా నుంచి చేరుతుంది కాబట్టి అవతలి యంత్రం దాన్ని ఒప్పుకోదు. కర్నూలుకు రెండు దిశలూ ఒకే లైన్ కనుక ఇబ్బంది లేదు. ఇక రీస్టార్ట్ తర్వాత ఐదారు నిమిషాలు ఎందుకు బాగుండేదంటే, సిమ్ రౌటర్ లేవడానికి సమయం పట్టేది, మొదటి ప్రయత్నంలో చిరునామా దొరక్కపోతే ఆ సర్వర్‌లోని డీహెచ్‌సీపీ క్లయింట్ 5 నిమిషాలు ఆగి గానీ మళ్లీ అడిగేది కాదు. చేత్తో రాసిన ఫైబర్ రూట్ మాత్రం వెంటనే పనిచేసేది. అందరూ దాన్ని రీస్టార్ట్ మహిమ అనుకున్నారు.

ఈ రకం లోపాన్ని నిరూపించడానికి ‘టీసీపీడంప్’ను (కార్డు మీద వచ్చిపోయే ప్యాకెట్లను చూపే ఆదేశాన్ని) రెండు విండోల్లో, ఒక్కో కార్డు మీద ఒక్కొక్కటి నడిపి, అవతలివారి చిరునామాను మాత్రమే వడకట్టి చూడండి. కార్డు మీదికి వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది కాబట్టి ఫలితం నమ్మదగినది. అభ్యర్థన ఒక కార్డు మీద వచ్చి, జవాబు మరో కార్డు మీద పోతుంటే మా కథే మీదీనూ. అభ్యర్థన వస్తోంది గానీ ఏ కార్డు మీదా జవాబు లేదంటే, ప్యాకెట్‌ను సర్వర్ లోపలే పారేస్తున్నారని అర్థం. అభ్యర్థనే రావట్లేదంటే లోపం సర్వర్ బయట ఉంది, ఇక్కడ వెతకడం ఆపవచ్చు.

లోపలే పారేసేవాటిలో ముందు అనుమానించాల్సింది ‘ఆర్‌పీ ఫిల్టర్’. ఒక ప్యాకెట్ ఏ కార్డు మీద వచ్చిందో, దాన్ని పంపినవారి చిరునామాకు తిరుగుదారి కూడా అదే కార్డు మీద ఉందా అని ఇది చూస్తుంది. విలువ 1 అయితే తిరుగుదారి వేరే కార్డు మీద ఉన్న ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. 2 అయితే ఏదో ఒక కార్డు మీద దారి ఉంటే చాలంటుంది. 0 అయితే చూడదు. అన్ని కార్డులకూ కలిపి ఉండే ‘ఆల్’ కింద ఉన్న విలువ, ఆ కార్డు కింద ఉన్న విలువ, ఈ రెండింటిలో పెద్దదే అమలవుతుంది, అందుకే ఒకచోట 0 పెట్టి “మార్చినా పనిచేయట్లేదు” అని తికమక పడేవారు చాలామంది. ‘ఎన్‌స్టాట్ మైనస్ ఏజెడ్’ ఫలితంలో ‘ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్’ అన్న లెక్క సమస్య సమయంలో పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. అయితే దాన్ని 0 చేసి చేతులు దులుపుకోవడం సరైన మందు కాదు. అప్పుడు జవాబు బయల్దేరుతుంది గానీ తప్పు లైన్ మీద బయల్దేరుతుంది, ఆ లైన్ కంపెనీ, పంపినవారి చిరునామా తనది కాని ప్యాకెట్‌ను పారేయవచ్చు. అలా పారేయాలని 2000లో వచ్చిన ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం ఆర్ఎఫ్‌సీ 2827 చెబుతోంది కూడా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సర్వర్ రక్షణ పోతుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

సరైన మందు, ఏ చిరునామా నుంచి బయల్దేరే జవాబును ఆ చిరునామా లైన్‌కే పంపడం. దీనికి ఒక్కో లైన్‌కు ఒక్కో రూటింగ్ పట్టిక కావాలి. రెండో లైన్‌కు పట్టిక సంఖ్య 200 అనుకుంటే, ‘ఐపీ రూట్ యాడ్ 192.168.20.0/24 డెవ్ ఈనో2 సోర్స్ 192.168.20.5 టేబుల్ 200’ అని ఒకటి, ‘ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.20.1 టేబుల్ 200’ అని ఇంకొకటి, ‘ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.20.5 టేబుల్ 200’ అని మూడోది ఇవ్వాలి. మొదటి ఆదేశంలో సోర్స్ అన్నదాన్ని ఎస్ఆర్‌సీ అని మూడక్షరాల్లోనే టైపు చేయాలి. మొదటి లైన్‌కు కూడా పట్టిక 100తో ఇలాగే. స్థానిక సబ్‌నెట్ (ఒకే లైన్ మీది చిరునామాల గుంపు) వరుసను చేర్చడం చాలామంది మరిచిపోతారు, అప్పుడు ఆ సబ్‌నెట్‌లోనే ఉన్న పక్క యంత్రానికి పోయే జవాబు కూడా అనవసరంగా గేట్‌వే చుట్టి వస్తుంది.

దానితో పాటు డీహెచ్‌సీపీ తెచ్చే డిఫాల్ట్ రూట్‌కు మెట్రిక్ చేత్తో నిర్ణయించాలి. నెట్‌వర్క్ అమరికలకు నెట్‌ప్లాన్ వాడేవారు డీహెచ్‌సీపీ4 ఓవర్‌రైడ్స్ కింద రూట్ మెట్రిక్‌ను 200గా రాయవచ్చు, లేదా యూజ్ రూట్స్‌ను ఫాల్స్ చేయవచ్చు. నెట్‌వర్క్ మేనేజర్‌లో ఐపీవీ4 కింద రూట్ మెట్రిక్, నెవర్ డిఫాల్ట్ అనే అమరికలు ఇదే పని చేస్తాయి. ఆదేశంగా ఇచ్చినది రీబూట్‌తో పోతుంది కాబట్టి నియమాలు, పట్టికలు అన్నీ కాన్ఫిగరేషన్ ఫైల్లోకి చేరాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అప్లికేషన్ డాకర్ కంటెయినర్‌లో (సర్వర్ లోపలే సొంత చిరునామాతో విడిగా నడిపే ఏర్పాటులో) నడుస్తుంటే పై ‘ఫ్రమ్’ నియమం పట్టుకోదు, ఎందుకంటే దారి నిర్ణయించే సమయానికి జవాబు మీద కంటెయినర్ చిరునామానే ఉంటుంది, సర్వర్ చిరునామా ఆ తర్వాత గానీ అతకదు. అలాంటి చోట కనెక్షన్ ఏ కార్డు మీద మొదలైందో కనెక్షన్ మార్క్‌గా గుర్తు వేసి, జవాబు వచ్చినప్పుడు ఆ గుర్తును ప్యాకెట్‌కు తిరిగి అతికించి, ‘ఎఫ్‌డబ్ల్యూమార్క్’ నియమంతో పట్టికకు పంపాలి.

రెండు లైన్లనూ ఒకే డిఫాల్ట్ రూట్‌లో కలిపి భారం పంచేవారికి మరో రూపంలో ఇదే చిక్కు వస్తుంది. 2012లో వచ్చిన లినక్స్ 3.6 నుంచి ఐపీవీ4 రూటింగ్ క్యాష్ (ముందు ఎంచుకున్న దారిని గుర్తుపెట్టుకునేది) లేదు, 4.4 తర్వాతి కెర్నళ్లు పంపిన, చేరే చిరునామాల హ్యాష్ లెక్కతో లైన్‌ను ఎంచుకుంటాయి. అందువల్ల ఒక ఉద్యోగికి ఎప్పుడూ వస్తుంది, పక్క ఉద్యోగికి ఎప్పుడూ రాదు, ఇద్దరూ నిజమే చెబుతారు.

ఒకే చిరునామాకు ఇద్దరు హక్కుదారులు

అర నిమిషం, నిమిషం వ్యవధిలో పోయి వస్తుంటే రూటింగ్ పట్టికను వదిలి ఏఆర్‌పీని, అంటే ఐపీ చిరునామాకు హార్డ్‌వేర్ చిరునామాను కనుక్కునే పద్ధతిని, చూడండి. పొరుగు యంత్రం హార్డ్‌వేర్ చిరునామాను కెర్నల్ సగటున 30 సెకన్లు, అంటే 15 నుంచి 45 సెకన్ల మధ్య ఎంతో కొంతసేపు తాజాగా భావిస్తుంది, ఆ తర్వాత అవసరమైతే మళ్లీ నిర్ధారించుకుంటుంది. కొత్తగా తెచ్చిన బయోమెట్రిక్ హాజరు యంత్రానికో, సీసీ కెమెరాల డబ్బాకో గేట్‌వే చిరునామానే ఇచ్చి ఉంటే, ఒకసారి రౌటర్, ఒకసారి ఆ డబ్బా జవాబిస్తాయి. ‘ఐపీ నైబర్ షో’ను పదేపదే చూసినప్పుడు ఒకే ఐపీకి హార్డ్‌వేర్ చిరునామా మారుతుంటే అదే సంగతి. ‘ఏఆర్‌పింగ్ మైనస్ పెద్దక్షరం ఐ ఈనో1 192.168.10.1’ అని అడిగితే రెండు వేర్వేరు చోట్ల నుంచి జవాబులు వస్తాయి. స్విచ్‌లో ఆ హార్డ్‌వేర్ చిరునామా ఏ పోర్టులో ఉందో చూసి, తీగ పట్టుకొని నడుచుకుంటూ వెళ్లడమే మిగిలిన పని.

సర్వర్ రెండు కార్డులనూ ఒకే స్విచ్‌కు తగిలిస్తే బయటి యంత్రం అవసరం లేకుండానే ఈ గందరగోళం పుడుతుంది, ఎందుకంటే లినక్స్ మామూలుగా ఒక కార్డు చిరునామా గురించి మరో కార్డు మీద అడిగినా జవాబిస్తుంది. ‘ఏఆర్‌పీ ఇగ్నోర్’ను 1కి, ‘ఏఆర్‌పీ అనౌన్స్’ను 2కు మార్చితే ప్రతి కార్డూ తన చిరునామాకే జవాబుదారీ అవుతుంది. ఇక హాస్టళ్లన్నీ ఒకే సబ్‌నెట్‌లో ఉన్న పెద్ద కళాశాలలకు గేట్‌వేగా పనిచేసే సర్వర్‌లో, సాయంత్రం విద్యార్థులు గదులకు చేరాక మాత్రమే ఇబ్బంది మొదలైతే, కెర్నల్ లాగ్‌లో ‘నైబర్ టేబుల్ ఓవర్‌ఫ్లో’ అన్న మాట వెతకండి. ఆ పట్టిక గరిష్ఠ పరిమితి మామూలుగా 1024 మాత్రమే.

చిన్నవి పోతాయి, పెద్దవి పోవు

పింగ్ బాగుంటుంది, లాగిన్ అవుతుంది, పెద్ద రిపోర్టు తెరవగానే తెర స్తంభించిపోతుంది. వాడేవారికి ఇది ‘ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు’ అనే కనిపిస్తుంది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ మామూలుగా గరిష్ఠంగా 1500 బైట్లు. పీపీపీఓఈ పద్ధతి వాడే ఫైబర్ లైన్లలో దాని సొంత హెడర్లకు 8 బైట్లు పోగా 1492 మాత్రమే మిగులుతుంది. పెద్ద ప్యాకెట్ ఎదురైనప్పుడు దారిలోని రౌటర్ “ఇది పట్టదు, చిన్నది చేసి పంపు” అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే పద్ధతి) టైప్ 3 కోడ్ 4 సందేశం పంపాలి. భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తంగా మూసేసిన ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని మింగేస్తే, సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది.

పరీక్ష తేలిక. ‘పింగ్ మైనస్ పెద్దక్షరం ఎం డూ మైనస్ ఎస్ 1472’ అని అవతలి చిరునామాకు ఇవ్వండి. 1472కు ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 కలిస్తే 1500. అది పోకుండా 1464 పోతే దారి వెడల్పు 1492 అన్నమాట. ఐసీఎంపీ టైప్ 3ని తెరవడం అసలు పరిష్కారం. అది మన చేతిలో లేనప్పుడు రౌటర్‌లో ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా పరిమితిని) 1452కు బిగించడం ఆచరణలో పనిచేస్తుంది.

కొందరికే చేరని సర్వర్

డాకర్ మామూలుగా 172.17.0.0/16 తీసుకుంటుంది, కొత్త నెట్‌వర్క్ సృష్టించిన ప్రతిసారీ 172.18, 172.19 అంటూ ముందుకు పోతుంది. కళాశాల ప్రాంగణంలో ఒక బ్లాక్‌కు 172.18 చిరునామాలే ఉంటే, ఆ బ్లాక్‌కు వెళ్లాల్సిన జవాబులను సర్వర్ తన లోపలి బ్రిడ్జిలోకే (డాకర్ సృష్టించిన లోపలి స్విచ్‌లోకే) పంపుకుంటుంది. ఆ డాకర్ నెట్‌వర్క్ ఉన్నంతసేపే ఈ లోపం ఉంటుంది కాబట్టి అంతు చిక్కదు. ‘ఐపీ రూట్ గెట్’ ఒక్కటి చాలు, గమ్యం పక్కన బ్రిడ్జి పేరు కనిపిస్తుంది. డాకర్ కాన్ఫిగరేషన్‌లో డిఫాల్ట్ అడ్రస్ పూల్స్‌ను ప్రాంగణంలో ఎవరూ వాడని శ్రేణికి మార్చాలి.

కదలకుండా వదిలేసిన కనెక్షన్ మాత్రమే తెగుతుంటే అది రూటింగ్ కాకపోవచ్చు. కనెక్షన్ బతికుందో లేదో చూసే లినక్స్ టీసీపీ కీప్‌అలైవ్ మామూలుగా 7200 సెకన్లకు గానీ పలకరించదు, దారిలో చిరునామాలు మార్చే నాట్ పెట్టెలు అంతకు చాలా ముందే ఆ కనెక్షన్‌ను మరిచిపోతాయి. ఆ విలువను 300కు తగ్గించి చూడండి.

లోపం బయటే ఉంటే

సర్వర్ నిర్దోషి అని తేలాక దారిలోని ప్రతి రౌటర్ దగ్గర నష్టాన్ని, ఆలస్యాన్ని చూపే ‘ఎంటీఆర్’తో దారిని కొలవాలి. కనీసం 200 ప్యాకెట్లు పంపండి, సమస్య ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి, రెండు కొసల నుంచీ తీయండి. ఒక కొస నుంచి తీసిన ఫలితం పోయే దారిని మాత్రమే చూపుతుంది, తిరుగుదారి వేరుగా ఉండవచ్చు. మధ్యలోని ఒక రౌటర్ దగ్గర 40 శాతం నష్టం కనిపించి, ఆ తర్వాతి వాటిలో నష్టం లేకపోతే భయపడవద్దు, ఆ రౌటర్ తనకు వచ్చిన ప్రశ్నలకు జవాబులు తగ్గించిందంతే. ఒకచోట మొదలైన నష్టం చివరిదాకా కొనసాగితేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నష్టం కంటే ఆలస్యపు అంకె ఎక్కువ చెబుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి 100 కిలోమీటర్లకు రానుపోను 1 మిల్లీసెకను. అనంతపురం, కడప మధ్య రోడ్డు దూరం సుమారు 150 కిలోమీటర్లే అయినా, రెండు చోట్లా వేర్వేరు కంపెనీల లైన్లు ఉంటే ప్యాకెట్ హైదరాబాదో, చెన్నయో, ముంబయో వెళ్లి అక్కడ చేతులు మారి వెనక్కి రావచ్చు. రోజూ 15 మిల్లీసెకన్లు ఉండే ఆలస్యం ఒక గంటకు ఉన్నట్టుండి 40కి చేరి, అక్కడే నిలకడగా ఉండి, మళ్లీ 15కు దిగితే దారి మారిందని అర్థం. అంకె నిలకడ లేకుండా ఎగిరెగిరి పడుతుంటే లైన్ నిండిపోయిందని అర్థం. కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు “నెట్ స్లో” అని రాయకుండా, సమయాలతో కూడిన రెండు దిశల ఎంటీఆర్ ఫలితాలను జతచేస్తే ఫిర్యాదు మొదటి మెట్టు దగ్గర ఆగిపోదు.

మార్పు చేశాక

ఇంటి నుంచి సర్వర్ రూట్లు మార్చేవారు తమ దారిని తామే తెంచుకునే ప్రమాదం ఉంది. మార్పుకు ముందు ‘షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 10’ ఇచ్చి పెట్టుకోండి. లోపలికి రాగలిగితే ‘షట్‌డౌన్ మైనస్ సీ’తో రద్దు చేయవచ్చు, రాలేకపోతే, మార్పును ఇంకా ఫైల్లో రాయనంతవరకు, పది నిమిషాల్లో సర్వర్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. నెట్‌ప్లాన్ వాడేచోట ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఇదే రక్షణ ఇస్తుంది, 120 సెకన్లలో ఒప్పుకోకపోతే తానే వెనక్కి వెళ్తుంది.

ఆ తర్వాత లోపాన్ని మన చేత్తోనే మళ్లీ పుట్టించే ప్రయత్నం చేయాలి. మా కార్యాలయంలో సిమ్ రౌటర్‌ను ఆపి, వేసి, డీహెచ్‌సీపీ గడువు ఒకసారి పూర్తిగా తీరేదాకా ఆగి, ఫైబర్ తీగను పీకి మళ్లీ పెట్టి, చివరికి సర్వర్‌ను రీబూట్ చేసి, ప్రతి దశలోనూ కడప నుంచి ఒకరిని, కర్నూలు నుంచి ఒకరిని ఫోన్లో ఉంచి లాగిన్ చేయించాం. ‘ఐపీ మానిటర్’ను, మూడు పింగ్‌లను మరో రెండు వారాలు నడవనిచ్చాం. ఏ కార్డుకు ఏ లైన్, ఏ పట్టిక సంఖ్య, ఏ బ్రాంచి ఏ చిరునామాకు వస్తుందో ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అతికించాం. సిమ్ రౌటర్ ఇప్పుడు యూపీఎస్ మీదికి మారింది, దాని ప్లగ్ మీద “ఆపవద్దు” అని తెలుగులో పెద్దగా రాసి ఉంది.